ఒక గంటంటే ఆపు

ఎల్లేశానికి ప్రథమ చికిత్స పిచ్చి పట్టి ఏడాది దాటింది. నిరుడు కంపెనీ పెట్టిన ఫస్ట్ ఎయిడ్ పోటీల్లో, గొంతులో ముక్క ఇరుక్కున్న ప్లాస్టిక్ బొమ్మను కాపాడి మొదటి బహుమతిగా స్టీలు టిఫిన్ డబ్బా కొట్టేశాడు. అప్పట్నుంచీ గోదావరిఖని కాలనీలో ఎవరైనా తుమ్మితే చాలు, పట్టీల సంచితో వాలిపోయేవాడు. కుంటుతున్న కోడికి కట్టు కట్టాడు. పక్కింటి సదయ్యకు వేలు తెగితే, వద్దు మొర్రో అంటున్నా మోచేతి దాకా చుట్టి పెట్టాడు. కానీ నిజంగా ప్రాణం మీదికి తెచ్చుకున్నవాడు ఒక్కడూ దొరకలేదు పాపం.

ఆ పాపం మక్సూద్‌కు నవ్వులాటైంది. గనిలో కింద బొగ్గు టబ్బులకు తాడు తగిలించి గంట కొట్టేది మక్సూద్, పైన మోటారు నడిపి వాటిని లాగేది ఎల్లేశం. ఒక గంటంటే ఆపు, రెండంటే నడుపు. ఇరవై రెండేళ్లలో ఎల్లేశం ఒక్క గంట మోగాక అంగుళం కూడా పోనివ్వలేదు. అలాంటి జోడీదారు క్యాంటీన్‌లో పదిమంది ముందు, "ఎల్లేశమన్న బొమ్మలనే బతికిస్తడు, మనిషైతె చేతులాడవు" అనేశాడు. ఎల్లేశానికి అది గుచ్చుకుంది. నెల రోజులుగా ఇద్దరి మధ్య గంటలు తప్ప మాటల్లేవు.

మొగుడి ముడుచుకున్న మూతి చూడలేక సారవ్వే ఆదివారం మధ్యాహ్నం మక్సూద్‌ను భోజనానికి పిలిచింది. బోటి ఆయనే హలాల్ దుకాణం నుంచి తెచ్చిచ్చాడు. ఆమె కారం దట్టించి వండి బల్ల మీద వడ్డించింది. ఎల్లేశం గోడ మీది క్యాలెండరును చూస్తూ తిన్నాడు. మక్సూద్ ఇక ఆగలేకపోయాడు. తప్పయిందని చెబుదామని నిండు నోటితోనే "అన్నా" అన్నాడు. ముక్క గొంతుకు అడ్డం పడింది.

దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఎల్లేశం తల్లి సమ్మవ్వ గబగబా లేచి మక్సూద్ నడినెత్తిన తట్టసాగింది. పొలమారితే ఎవరో యాది చేస్తున్నట్టు, వాళ్ల పేరు చెప్పగానే తగ్గిపోతుందని ఆమె నమ్మకం. ఆయన భార్య ఇక్రాతో మొదలుపెట్టి చుట్టాలందరినీ వరసబెట్టి పిలిచింది. శ్రీరాంపూర్ బావమరిది దగ్గరికి వచ్చేసరికి దగ్గు ఠక్కున ఆగింది.

"సూడుండ్రి, బామ్మర్దే" అంది సంబరంగా.

ఎల్లేశం పళ్లెం వదిలి లేచాడు. దగ్గుతున్నంతసేపు దగ్గనివ్వాలి, ఆ దగ్గే ఆగిపోతే ఊపిరి ఆగినట్టేనని పుస్తకంలో ఉంది. మక్సూద్ రెండు చేతులతో గొంతు పట్టుకున్నాడు. నోరు తెరిచాడు గానీ చప్పుడు లేదు. సారవ్వ నీళ్ల గ్లాసు తెస్తే ఎల్లేశం పక్కకు తోసి, 108కు ఫోన్ చెయ్యమని సదయ్యకు వినబడేలా కేకేశాడు.

బొమ్మ కళ్లు ఎటూ చూడవు, ఈ కళ్లు తననే చూస్తున్నాయి. ఈ మనిషి పోతే రేపు కింద గంట కొట్టేదెవరనిపించి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే లేపి నిలబెట్టి, ముందుకు వంచి, వీపు మీద రెండు రెక్కల నడుమ అరచేతి మడమతో ఐదు దెబ్బలు వేశాడు. ముక్క కదల్లేదు. వెనక నుంచి వాటేసుకుని, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ గుంజాడు. ఆ పొట్ట చుట్టూ చేతులు అందడమే గగనమైంది. ఒకసారి గుంజాడు, రెండోసారి గుంజాడు. కొట్టుకుంటున్న మక్సూద్ చెయ్యి బల్ల మీది స్టీలు పళ్లానికి తగిలి ఠంగుమంది.

ఒక్కసారే. ఎల్లేశం చేతులు ఉన్నచోటే ఆగిపోయాయి.

"ఆగినవేంది?" అని సారవ్వ నెత్తి కొట్టుకుంది.

"గంట కొట్టిండు గదా."

ఇరవై రెండేళ్ల అలవాటుతో వాదించి లాభం లేదని సారవ్వకు తెలుసు. గరిటె అందుకుని పళ్లెం మీద ఠంగు ఠంగుమని రెండు కొట్టింది. ఎల్లేశం చేతులు వాటంతటవే కదిలాయి. ఒక్క గుంజుకు ముక్క ఎగిరి సమ్మవ్వ చల్ల గ్లాసులో పడింది.

మక్సూద్ పెద్దగా ఊపిరి పీల్చాడు. ఎల్లేశం నేల మీద కూలబడి బావురుమన్నాడు. ఇంత గుంజుడయ్యాక లోపల ఏమైనా నలిగిందేమో చూపించుకోవాల్సిందేనని, వచ్చిన 108 బండిలోనే దవాఖానకు తీసుకుపోయాడు. దారి పొడుగునా చెయ్యి వదల్లేదు. బావమరిది పేరు చెప్పబట్టే బతికాడని సమ్మవ్వ మాత్రం ఇప్పటికీ అంటుంది.

మూడో రోజు మక్సూద్ డ్యూటీకి వచ్చి, క్యాంటీన్‌లో అదే పదిమంది ముందు నిలబడ్డాడు.

"బొమ్మలన్న మాట వాపస్ తీస్కుంటున్న. ఎల్లేశమన్న మనిషిని గూడ బతికిస్తడు" అన్నాడు, గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. ఎల్లేశం టిఫిన్ డబ్బా వెనక మొహం దాచుకున్నాడు. మక్సూద్ దాని స్టీలు మూత తీసి, ఎవరి చెయ్యీ తగలనంత దూరంగా జరిపాడు. "గాని ఆయన బతికిచ్చేటప్పుడు పళ్లెం దగ్గెర వెట్టకుండ్రి."