హీటర్ వేయని కారు

జర్మనీలోని మా హెర్నె ఊళ్లో బొగ్గుగని మూతపడి చాలా ఏళ్లయింది. గని కార్మికుల పెరళ్లలో కుందేళ్ల గూళ్లు మాత్రం ఇప్పటికీ నిండుగానే ఉన్నాయి. మా కుందేళ్ల సంఘానికి ఇన్నేళ్లూ పోటీల్లో గెలిచి కప్పులు తెచ్చినవాళ్లంతా మగవాళ్లే. ఆడదానికి కుందేలును పెంచడం చేతనవుతుంది గానీ, ప్రదర్శనకు తీసుకెళ్లడం చేతకాదని మా అధ్యక్షుడు ఎవాల్డ్ అభిప్రాయం. ఆ మాట బీరు గ్లాసు పట్టుకుని నా మొహం మీదే నాలుగుసార్లు అన్నాడు. ఈసారి ఆయన నోరు మూయించకపోతే నా పేరు రోస్విత కాదనుకున్నాను.

నా గుస్తావ్ ఏడున్నర కిలోల బూడిదరంగు మగ కుందేలు. నెల రోజుల ముందు నుంచే దాన్ని రోజూ చెక్కపెట్టెలో కూర్చోబెట్టి, కారులో వీధి చుట్టూ తిప్పి అలవాటు చేశాను. పెట్టె అడుగున మందంగా రంపపు పొట్టు, పైన ఎండుగడ్డి. నీళ్లగిన్నె పెడితే కుదుపులకు ఒలికి బొచ్చు పాడవుతుంది కాబట్టి, దాహానికి ఒక ఆపిల్ ముక్క.

డిసెంబరులో కాసెల్ నగరంలో ప్రదర్శనకు బయలుదేరిన శనివారం ఉదయం ఎవాల్డ్ తన కుందేలు కైజర్‌ను పెట్టెలో పెట్టుకుని నా కారెక్కాడు. సంఘం పాత వ్యాను ఆ ఏడాదే అమ్మేశారు మరి. ఊరు దాటకముందే ఆయన పళ్లు పటపట కొట్టుకోవడం మొదలైంది.

"హీటర్ వెయ్యవే తల్లీ!"

"వెయ్యను. వెనకాల వాళ్లిద్దరికీ బొచ్చుకోట్లున్నాయి. నీకు లేకపోతే కొనుక్కో."

"బయట మైనస్ ఆరు! నన్ను చంపేసి నువ్వు అధ్యక్షురాలివి అవుదామనా?"

"చలికి నువ్వు చావవులే. వేడికి అవి చస్తాయి."

"ముప్పై ఏళ్లుగా తీసుకెళ్తున్నా. నాకు చెప్పొచ్చావా?"

చెయ్యి మెల్లగా హీటర్ మీదికి పోనిచ్చాడు. ఒక్కటి వేశాను. పెట్రోలు బంకు దగ్గర కారు ఆపగానే దిగిపోయి, వెనకే వస్తున్న తన అల్లుడు డెట్లెఫ్ కారులోకి కైజర్‌తో సహా మారిపోయాడు. ఆ కారు రొట్టెలు కాల్చే పొయ్యిలా ఉంది. అల్లుడు చొక్కా చేతులు మడుచుకుని నడుపుతున్నాడు. ఎవాల్డ్ తెలివితక్కువవాడేం కాదు. పాత వ్యానులో మనుషులు ముందు వెచ్చగా కూర్చునేవాళ్లు, కుందేళ్లు వెనక చల్లటి అరలో ఉండేవి. ముప్పై ఏళ్లూ వాటిని కాపాడింది ఆ చలేనని ఆయనకెప్పుడూ తట్టలేదు.

కాసెల్‌లో హాలు గుమ్మం దగ్గర పశువుల డాక్టరు ముందు పెట్టెలు తెరిచాం. గుస్తావ్ తాపీగా గడ్డి నములుతోంది. ఒంటిమీద ఒక్క వెంట్రుక చెదరలేదు. కైజర్ మాత్రం కాళ్లు బార్లా చాపి పడుంది. ముక్కు తడిసి, చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి.

"ఇది ఇవాళ పోటీకి వద్దు. ముందు బతకనివ్వండి," అన్నాడు డాక్టరు.

ఎవాల్డ్ టోపీ తీసి కైజర్‌కు విసరసాగాడు. ఆయన మీద నాకు కోపం పోలేదు గానీ, కుందేలు ఏం చేసింది పాపం! దాన్ని చల్లటి వసారాలోకి తీసుకెళ్లి, నా తలగుడ్డ నీళ్లలో తడిపి చెవులకు అద్దుతూ కూర్చున్నాను. లోపల నా గుస్తావ్ తీర్పు బల్ల ఎక్కే వేళ అయింది. దాన్ని చూడాలని నెల రోజులుగా కలలు కన్నదాన్ని, అక్కడి నుంచి కదల్లేకపోయాను. గంట తర్వాత కైజర్ లేచి కూర్చుని ఒక ఆకు కొరికింది. అప్పుడే మైకులో వినిపించింది: బూడిదరంగు మగ కుందేళ్లలో గుస్తావ్‌కు నూటికి తొంభై ఏడున్నర, మొదటి బహుమతి. నాకు గుండె నిండిపోయింది. వసారాలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

ఆదివారం సాయంత్రం నేను గుస్తావ్‌ను కారెక్కిస్తుంటే, ఎవాల్డ్ కైజర్ పెట్టె పట్టుకుని వచ్చాడు. సంఘం వాళ్లంతా అక్కడే ఉన్నారు.

"రోస్వితా, దీన్ని నీ కారులో తీసుకెళ్లు. నీ చేతిలో అయితే నాకు బెంగుండదు."

"మరి నువ్వో?"

"నేను రైల్లో వస్తాలే. నాకు బొచ్చు లేదుగా!"

ముందు సీట్లో ఆయన కూర్చోవలసిన చోట కప్పును పెట్టి బెల్టు బిగించాను. ఇల్లు చేరేదాకా హీటర్ ముట్టుకోలేదు.