రాళ్ళు ఉడికించిన రోజు

"రాళ్ళు ఉడకబెట్టడం కూడా రాదా నీకు?"

మా ఆయన ఈ మాట ఫోన్లో అన్నప్పుడు శనివారం ఉదయం పది దాటింది. ఫోను స్పీకర్లో పెట్టి వంటింటి గట్టు మీద ఉంచాను. నా రెండు చేతుల్లోనూ రాయి ఉంది మరి. పుచ్చకాయంత రాయి, దాని నిండా పచ్చటి నాచు, తడిసిన జుట్టులా వేలాడుతోంది. బల్ల దగ్గర కూర తరుగుతున్న అత్తయ్య ఆ మాటకి కిసుక్కున నవ్వారు.

మరిగిస్తే రాయి మీది పగడాలు పోవా అని అడిగాను. అవి ఎప్పుడో పోయాయన్నాడు. నెల రోజులుగా బ్రష్షుతో గోకుతున్నావు, ఏం సాధించావు అన్నాడు. రేపు అక్వేరియం క్లబ్బు వాళ్ళు వస్తున్నారు, ఈ పచ్చదనం చూస్తే పరువు పోతుందన్నాడు. "పెద్ద గిన్నెలో వేసి అరగంట మరిగించు. ఆ, కిటికీ తెరిచి పెట్టు, వాసనొస్తుంది." ఫోను పెట్టేశాడు.

ఉప్పునీటి అక్వేరియం మా ఆయన సరదా. ఆ సరదాకి చాకిరీ నాది. హాల్లో గోడ పొడవునా ఉన్న ఆ గాజుతొట్టిలో రోజూ ఎంత నీరు ఆవిరైతే అంత మంచినీరు నేనే పోయాలి. వారానికోసారి ఉప్పు తూచి, కలిపి, కొత్త నీళ్ళు నింపాలి. నాచు పట్టిన రాళ్ళని పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, రాలినదాన్ని సన్నటి పైపుతో బకెట్లోకి లాగాలి. స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చి, స్టవ్ మీద కుక్కరు పెట్టి, అది కూతకొచ్చేలోగా ఈ పని. మా ఆయన ఆదివారం పొద్దున సోఫాలో కూర్చుని నాలుగు ఫోటోలు తీసి క్లబ్బు గ్రూపులో పెడతాడు. మీ చేతిలో మహత్యం ఉందన్నా అని ఎవరో రాస్తారు. ఆ ముక్క నాకు చదివి వినిపిస్తాడు కూడా.

నాచు ఎందుకు పెరుగుతోందో నాకు తెలుసు. నేను ఎనిమిది, తొమ్మిది తరగతులకి కెమిస్ట్రీ చెప్తాను. నీళ్ళలో ఫాస్ఫేటు కొలిచాను, ఉండాల్సినదానికి పది రెట్లుంది. అత్తయ్య రోజుకి ఆరుసార్లు చేపలకి మేత వేస్తారు, పాపం మూగజీవాలు అని. తినగా మిగిలిందంతా కుళ్ళి నాచుకి ఎరువవుతోంది. మేత తగ్గించి, లైట్లు రోజుకి ఆరు గంటలే వేస్తే దానంతట అదే దారికొస్తుందని చెప్పాను. "మా అమ్మ మీద ఏదో ఒకటి మోపకపోతే నీకు తోచదు కదా," అన్నాడు.

గిన్నెలో నీళ్ళు పోసి రాయి పెట్టాను. కిటికీ తెరిచాను. వాన జల్లు కొడుతోందని అత్తయ్య లేచి మూసేశారు. వాసనొస్తుందట అత్తయ్యా అన్నాను. "వస్తే వచ్చిందిలే, ఏ వాసన చూడలేదు మనం," అన్నారు.

నీళ్ళు తెర్లాయి. మట్టివాసన, చేపల వాసన. గరిటెతో రాయిని తిప్పబోతే ఆవిరి మొహానికి కొట్టింది. పది నిమిషాలకి నాలుక మీద ఏదో రుచి. ఇనుప తాళంచెవి నోట్లో పెట్టుకున్నట్టు. ఇరవై నిమిషాలకి వెన్నులోంచి చలి పుట్టింది. స్టవ్ ముందు నిలబడి వణుకుతున్నాను. వెనక కత్తి కింద పడ్డ చప్పుడు. తిరిగి చూస్తే అత్తయ్య బల్ల మీదికి ఒరిగిపోయి ఉన్నారు, పెదాలు నీలంగా.

స్టవ్ కట్టేశాను. ఆవిణ్ణి రెండు చంకల కింద పట్టుకుని మెట్ల దాకా ఈడ్చుకొచ్చాను. పక్కింటి టైలరు తన కారులో ఆసుపత్రికి చేర్చాడు. దారిలో మా ఆయనకి నేను చెప్పగలిగింది మూడు ముక్కలే. రాయి, ఆవిరి, అత్తయ్య.

మా ఆయన ఫ్యాక్టరీలో భద్రతాధికారి. మాస్కు లేనివాణ్ణి గేటు దాటనివ్వడు. ఆసుపత్రికి పరుగున వచ్చాడు, తల్లిని చూశాడు, ఆక్సిజన్ పెట్టుకుని పక్క మంచం మీద ఉన్న నన్ను చూశాడు. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, తడుముకోకుండా చెప్పాడు. "బాత్రూం కడగడానికి యాసిడూ, బ్లీచింగ్ పౌడరూ కలిపేసిందండీ మా ఆవిడ."

నా నోటి మీద మాస్కు ఉంది. తల అడ్డంగా ఊపాను. నర్సు కంగారు పడకమ్మా అని భుజం నొక్కింది.

డాక్టరమ్మ వెళ్ళాక మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. సోమవారం భద్రతా విభాగం హెడ్ పోస్టుకి తన ఇంటర్వ్యూ. భద్రతాధికారి ఇంట్లోనే విషవాయువంటే బతకనిస్తారా అన్నాడు. ఆడవాళ్ళు ఇంట్లో రెండు సీసాలు కలపడం రోజూ జరిగేదే, ఎవరూ పట్టించుకోరన్నాడు. నేను మాస్కు పక్కకి జరిపాను. ఆ రెండూ కలపకూడదని ఏటా పిల్లలకి బోర్డు మీద రాసి చూపించేదాన్ని నేనే అన్నాను.

"మీ స్కూలు వాళ్ళకి ఎవరు చెప్తారు? తెలిసినా నాలుగు రోజులు నవ్వుతారు, మర్చిపోతారు. నాది అలా కాదు కదా."

బీమా కార్డు ఫోటో కావాలని కౌంటర్లో అడుగుతున్నారంటూ తన ఫోను నా చేతిలో పెట్టి, వెతుకుతూ ఉండమని, గేటుకి అడ్డంగా ఆపిన కారు పక్కకి తీయడానికి వెళ్ళాడు. ఆయన ఫోన్లో ఏది ఎక్కడుందో ఆయనకి తెలియదు. అవి సర్దేదీ నేనే. వెతుకుతుంటే పైన మెసేజీ మెరిసింది. చేపల షాపాయన. 'ఏం చేశారన్నా ఆ రాయి? ఉడకబెట్టలేదు కదా?'

తెరిచాను. బుధవారం మా ఆయన ఆ రాయి ఫోటో పెట్టి, నాచు పోవాలంటే మరిగించొచ్చా అని అడిగాడు. షాపాయన వెంటనే జవాబిచ్చాడు. వద్దు. నాచు కింద గుండీల్లాంటి పగడాలున్నాయి, వాటిలో విషం ఉంటుంది, మరిగిస్తే ఆవిరిలో కలుస్తుంది, ఇలాగే చేసి ఇంటిల్లిపాదీ ఆసుపత్రిలో పడ్డవాళ్ళున్నారు. దాని కింద మా ఆయన: 'తెలుసు అన్నా. నేనూ సేఫ్టీవాణ్ణే కదా. చూసుకుంటాలే.'

చూసుకున్నాడు. కిటికీ తెరవమన్నాడు.

నన్ను చంపాలనుకున్నాడని నేను అనుకోలేదు. ఇప్పటికీ అనుకోను. అంత ఆలోచన నా మీద పెట్టే మనిషి కాదు. వీళ్ళు ఎక్కువ చేసి చెప్తారులే అనుకుని ఉంటాడు. పని త్వరగా అయిపోవాలి, ఆవిరి దగ్గర నిలబడేది తను కాదు. అంతే. పదకొండేళ్ళుగా నా జ్వరాలూ నడుంనొప్పులూ ఆ 'అంతే'లోనే సర్దుకుపోయాయి.

మధ్యాహ్నం, ఆయన తిరిగి రాగానే, డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. అత్తయ్య ఊపిరి నయంగా ఉందట. బ్లీచింగ్ గ్యాసే కాబట్టి మామూలు వార్డుకి మార్చి రేపు ఇంటికి పంపిస్తామంది. ఎందుకైనా మంచిదని, ఏం జరిగిందో అత్తయ్యనే అడిగింది.

అత్తయ్య కొడుకు వైపు చూశారు. పొద్దున స్పీకర్లో ఆయన మాటలన్నీ ఆవిడ విన్నారు. "అవునమ్మా. కోడలే, ఏవో కలిపింది," అన్నారు.

కొడుకు కోసం ఆవిడ తన ప్రాణాన్ని కూడా లెక్కలోంచి తీసేశారు. నా పరువు ఒక లెక్కా?

మాస్కు తీశాను. సెలైన్ స్టాండు పట్టుకుని దిగాను. గది గిర్రున తిరిగింది. డాక్టరమ్మ దగ్గరికి నాలుగడుగులు వేయడానికి ఎంత సేపు పట్టిందో తెలియదు.

"నేనేమీ కలపలేదండీ. అక్వేరియం రాయి మరిగించాను."

"మా ఆవిడ ఇంకా షాకులో ఉంది," అన్నాడు మా ఆయన, నవ్వుతూ.

డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఇస్త్రీ చొక్కా ఒకవైపు, జుట్టు రేగిన ఆడది ఒకవైపు. గొంతు పెంచితే ఓడిపోతానని కూడా తెలుసు. క్లాసులో చెప్పినట్టే చెప్పాను.

"యాసిడూ బ్లీచింగూ కలిస్తే క్లోరిన్ వస్తుంది. ముందు కళ్ళు మండాలి, ముక్కు మండాలి. మా ఇద్దరి కళ్ళూ చూడండి. ఎర్రగా ఉన్నాయా? మాకు వచ్చింది వణుకు, జ్వరం, నోట్లో ఇనుప రుచి. మా బట్టలు వాసన చూడండి, బ్లీచింగ్ వాసన ఎక్కడైనా ఉందా?"

డాక్టరమ్మ అత్తయ్య రెప్ప ఎత్తి చూసింది. వంగి నా చున్నీ వాసన చూసింది. నేను మా ఆయన ఫోను ఆవిడ చేతిలో పెట్టాను. బుధవారం నుంచి చదవమన్నాను.

ఆయన మొహంలో నవ్వు ఒక్కటే మిగిలింది, మనిషి లేడు.

డాక్టరమ్మ అక్కడికక్కడే విషాల సమాచార కేంద్రానికి ఫోన్ చేసింది. విరుగుడు మందు లేదట. కానీ ఆ విషం గంటల తర్వాత గుండెనీ కండరాలనీ పట్టుకోవచ్చట, కనిపెట్టి ఉండాలట. వార్డుకి వెళ్ళాల్సిన మంచం ఐసీయూ వైపు తిరిగింది. మూడున్నరకి అత్తయ్య గుండె లయ తప్పింది. తీగలన్నీ తగిలించి ఉన్నాయి, నలుగురు చుట్టూ ఉన్నారు కాబట్టి పట్టుకోగలిగారు.

ఐదింటికి ఆడపడుచు వచ్చింది. మా ఆయన వరండాలో చెప్తున్నాడు, తలుపు ఇవతలికి స్పష్టంగా వినిపిస్తోంది. "సమయానికి నేనే గుర్తుపట్టి డాక్టరుకి చెప్పాను కాబట్టి సరిపోయింది. అదేమో ఆ రాయిని అలా మరిగించేసింది."

సోమవారం ఇంటర్వ్యూకి కూడా వెళ్ళొచ్చాడు.

అదే రోజు సాయంత్రం నన్ను ఐసీయూలోకి ఐదు నిమిషాలు పంపారు. అత్తయ్య సగమయ్యారు. చెయ్యి ఎత్తబోతే కండరం సహకరించలేదు. కాళ్ళలో బలం పూర్తిగా వస్తుందో రాదో చెప్పలేమన్నారట. దగ్గరికి వంగాను, ఏదో అంటున్నారని.

"వాడి ఉద్యోగానికేమీ కాదు కదా?"

తెలియదన్నాను.

"ఒక్క అబద్ధం. అది కూడా చెప్పలేకపోయావా వాడి కోసం?"

దుప్పటి సర్దాను. చేతులకి అలవాటు. "చెప్పి ఉంటే ఇవాళ ఈ మాట అనడానికి మీరు ఉండేవారు కాదు, అత్తయ్యా," అన్నాను. ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకున్నారు. దానికి మాత్రం బలం ఉంది.

మర్నాడు నన్ను ఇంటికి వెళ్ళొచ్చన్నారు. మా ఆయన కారు తెచ్చాడు. వంటిల్లు ఎలా ఉన్నదో అలానే ఉందట, గిన్నె కూడా స్టవ్ మీదే ఉందట. అమ్మ వచ్చేలోగా అంతా కడిగేయాలి అన్నాడు. "గ్లవ్స్ కొన్నాను. నీ సైజే. ఈసారి మాస్కు కూడా పెట్టుకో."

ఈసారి.

నర్సు డిశ్చార్జి కాగితం తెచ్చి పెన్ను అలవాటుగా ఆయనకి అందించింది. నేను చెయ్యి చాచి పెన్ను తీసుకున్నాను. మందులు, మళ్ళీ ఎప్పుడు రావాలి, ఊపిరి అందకపోతే ఏం చేయాలి, అన్నీ చదివాను. అన్నిటికంటే కింద ఒక గడి ఉంది. రోగిని తీసుకెళ్తున్నవారు.

'నేనే' అని రాసి సంతకం పెట్టాను.