గోడ మీది పురుగు

చిన్నరాయప్ప కుడిచేతి మీద పురుగు పడింది. జానెడు పొడవు, తెల్లగా, ఉంగరాలు ఉంగరాలుగా. అది ఉత్త వెలుగేనని తెలిసినా అతని ఒళ్లు జలదరించింది. చేయి పక్కకు జరిపి, గోడకు అంటించిన చార్టు మీద ఆ బొమ్మ అంచు వెంట పెన్సిలు నడిపించాడు.

కిటికీలకు గోనెసంచులు కట్టిన సైన్సు గది ఏప్రిల్ ఎండకు ఉడికిపోతోంది. బందరు నుంచి నిన్న వచ్చిన స్లైడు ప్రొజెక్టరు ఈ సాయంత్రం బస్సుకు వెనక్కి పోవాలి. ఈలోగా మామిడి పురుగుల బొమ్మలు తొమ్మిదీ కాగితం మీదికి దింపుకోవాలి. మిషను వెళ్లిపోయాక పిల్లలకు మిగిలేవి ఇవే.

"చెమట చుక్క పడిందంటే చార్టు పాడవుద్ది, చూసుకో," అన్నాడు సైన్సు మాస్టారు శేషగిరిరావు. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. పిల్లలకు చూపించడానికి కోసిన చిన్నరసం మామిడి పండు ఆయన బల్ల మీదే పళ్లెంలో మూడు రోజులుగా కుళ్లుతోంది. అందులో నిజం పురుగులు మెసులుతున్నాయి.

చిన్నరాయప్పకు యాభై దాటాయి. ఐదో తరగతి చదివాడు. ఇరవై రెండేళ్లుగా ఈ హైస్కూల్లో అటెండరు, ఇంకా పర్మనెంటు కాలేదు. గుండె, కన్ను, కోసిన కప్ప, ఈ గోడల మీద వేలాడే బొమ్మలన్నీ అతను వేసినవే. ప్రతి బొమ్మ కింద 'చిత్రించినది: శేషగిరిరావు, బి.ఎస్సీ., బి.ఇడి.' అని అందంగా రాసిందీ అతనే. "నీ సంగతి హెడ్మాస్టరు గారి చెవిన వేస్తాలే," అని మాస్టారు ఏటా అంటూనే ఉన్నాడు.

పదకొండింటికి హెడ్మాస్టరు నారాయణరావు లోపలికొచ్చాడు. చార్టు దగ్గరగా వంగి చూసి మాస్టారి వైపు తిరిగాడు.

"ఎంత బాగా వచ్చిందండీ! ఈ ఉంగరాలు లెక్కపెట్టే వేశారా?"

"లెక్కపెట్టే వేశానండీ. పదో, పన్నెండో."

పదకొండు. చిన్నరాయప్ప లెక్కపెట్టే వేశాడు.

"మరి నువ్వేం చేస్తున్నావు రాయప్పా?"

చిన్నరాయప్ప మాస్టారి వైపు చూశాడు. చెవిన వేయడానికి ఇంతకంటే అదను దొరకదు.

"కాగితం జారిపోకుండా పట్టుకుంటాడండీ," అన్నాడు మాస్టారు.

హెడ్మాస్టరు నవ్వి వెళ్లిపోయాడు.

చిన్నరాయప్ప పెన్సిలు కింద పెట్టాడు. సిరా పట్టి నల్లబడిన తన గోళ్ల వైపు చూసుకున్నాడు. ఆ పేరు ఇన్నేళ్లు దిద్ది దిద్ది రాసిన వేళ్లు. పళ్లెంలో మెసిలే పురుగుల కంటే అవే రోతగా కనిపించాయి.

తొమ్మిదో బొమ్మ పూర్తయ్యేసరికి మూడైంది. "పేర్లు రాసెయ్. ఈసారి కాస్త పెద్దక్షరాలు," అన్నాడు మాస్టారు. చిన్నరాయప్ప కుంచె ముంచి 'చిత్రించినది' అని రాసి ఆగాడు.

"మిగతాది మీరు రాసుకోండి మాస్టారూ. నాకు డోకొస్తంది."

"ఆ పండు వాసనకా? తీసికెళ్లి పారెయ్."

"పండుకు కాదండి."

అయినా పండు పారేశాడు, పళ్లెం కడిగాడు. ప్రొజెక్టరు పెట్టె నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా మోసి బస్సెక్కించాడు. "అద్దాలున్నాయి, జాగర్తండి," అని కండక్టరుకు చెప్పాడు. బస్సు కదిలాక స్కూలు వైపు తిరగలేదు.

మామిడితోటలో పని ముగించుకొచ్చిన భార్య లేయా అతన్ని గుమ్మంలో చూసి ఆశ్చర్యపోయింది.

"అప్పుడే వచ్చేశావేంటి?"

"రేపటినుంచి నీతోపాటు కాయ కోతకొస్తా."

ఆమె అతని ముఖం కేసి చూసింది. "చేతులు కడుక్కో, అన్నం పెడతా," అంది.

అతను చాలాసేపు కడుక్కున్నాడు.

మర్నాడు మాస్టారు సైన్సు గది తెరిచేసరికి, బల్ల మీద కడగకుండా వదిలేసిన కుంచె సిరా ఎండి పుల్లలా బిగుసుకుపోయి ఉంది.