గుప్పిటమ్మకు గంజి ఆట

మా లాండ్రీ బోర్డు మీద దుకాణం పేరుకన్నా పెద్ద అక్షరాల్లో "పోని మరక లేదు" అని ఉంటుంది. రాయించింది మా మామగారు. సిరా, నూనె, తుప్పు, కాఫీ, లిప్‌స్టిక్, ఏది అంటించుకొచ్చినా సరే, బట్టను వెలుతురుకు పట్టి చూసి, ఒకసారి వాసన పీల్చి, "ఊఁ, రేపు రండి" అంటారు. ఆయన దృష్టిలో మనుషులు రెండు రకాలు: మరక చేసేవాళ్లు, మరక తీసేవాళ్లు. రెండో రకంలో ఆయనొక్కరే ఉన్నారు. మిగతా లోకమంతా ఆయనకు పని కల్పించడానికే పుట్టింది.

నేను కోడలిగా అడుగుపెట్టగానే ఆయన నాకు చేసిన మొదటి ఉపదేశం కూడా మరక గురించే. "చూడమ్మా, మరకున్న బట్ట మీద పొరపాటున కూడా ఇస్త్రీపెట్టె పెట్టకు. వేడి తగిలిందంటే అది బట్టలోకి దిగిపోతుంది. ఇక జన్మలో పోదు." ఆశీర్వాదం తర్వాత ఎప్పుడో తీరిగ్గా చేశారు.

ముందు దుకాణం, వెనక ఇల్లు. రెండింటికీ మధ్య గోడ ఉంది కానీ, ఆ సంగతి బట్టలకు తెలియదు. హాల్లో ఆరేవి అవే, పడకగది పక్కన నేను ఇస్త్రీ చేసేవీ అవే. ఏ మూల చూసినా ఎవరిదో ఒకరి తెల్లబట్ట. అలాంటి ఇంట్లో పుట్టింది నా కూతురు. దాన్ని నేల మీద దింపిన పాపాన ఎవరూ పోలేదు. ఒక చంక దిగితే ఇంకో చంక. అది చెయ్యి చాచిందంటే చాలు, నలుగురం నాలుగు వైపుల నుంచి "ఛీ ఛీ, ముట్టుకోకు!" అని అరిచేవాళ్లం. అది చెయ్యి చాచిన చోట పరాయివాళ్ల పెళ్లి కోటు వేలాడుతోంది మరి.

లోకంలో పిల్లలు మొదటిసారి నోరు విప్పితే అమ్మ అనో, తాత అనో అంటారు. మాది "ఛీ" అంది. మామగారు పొంగిపోయారు. వారంపాటు దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నారు. "అంతా నా పోలికేనండీ!"

ఏడాదిన్నర నిండేసరికి అది రెండు చేతులూ గట్టిగా గుప్పిళ్లు బిగించి నడిచేది. మా ఆయన ముద్దుగా గుప్పిటమ్మ అని పేరు పెట్టారు. ముద్దు పేరు పెట్టడంలో ఉన్న శ్రద్ధ, అది ఎందుకు బిగించిందో ఆలోచించడంలో ఎవరికీ లేకపోయింది. డేకేర్ టీచర్‌కి ఉంది.

"ఇసక దగ్గర కూర్చోబెడితే ఏడుస్తోందండీ," అందావిడ ఒక సాయంత్రం నన్ను గుమ్మం దగ్గర ఆపి. "తడి స్పాంజి ఇస్తే చేతులు వెనక్కి దాచుకుంటుంది. బిస్కెట్ కూడా పట్టుకోదు, నోరు తెరిచి మా మొహంలోకి చూస్తుంది. ఇంట్లో తడీ పొడీ, మెత్తనివీ గరుకువీ, అన్నీ ముట్టుకోనివ్వండి. నెలాఖరు దాకా చూద్దాం. అప్పటికీ ఇంతే అయితే ఒకసారి డాక్టరుకు చూపిద్దాం."

డాక్టరా? నా పిల్లకు ఏమైనా లోపముందా? ఆ మాట పైకి అనడానికి కూడా భయమేసింది. దారిపొడుగునా దాని గుప్పిట నా చేతిలోనే ఉంది. వేలు పట్టుకోవడానికైనా విప్పలేదు.

ఇంట్లో చెప్పాను. వెంటనే సభ కూడింది. మా ఆయన ఫోన్ తీసి వీడియోల మీద పడ్డారు. "బియ్యం టబ్బులో పోసి ఆడించాలట. రంగులతో ఆడించాలట. రకరకాల గుడ్డలు ముట్టించాలట. ఇంతేనా, చాలా తేలిక!" అన్నారు. మా ఇంటి సంగతి ఆ వీడియో తీసినవాళ్లకు తెలియదు పాపం.

మొదట బియ్యం ఆట. అత్తగారు బియ్యాన్ని కడిగి, ఆరబోసి, ఏరి, చెరిగి, టబ్బులో పోశారు. టబ్బు కింద దుప్పటి, దుప్పటి కింద ప్లాస్టిక్ షీటు. పక్కన చీపురు పట్టుకుని ఆవిడ. పిల్ల కాలు తగిలి నాలుగు గింజలు పడ్డాయో లేదో, ఊడ్చి ఎత్తి, మళ్లీ ఏరి పోశారు. గంటసేపు ఆ ఆట భలేగా సాగింది. ఆడింది అత్తగారు. చూసింది గుప్పిటమ్మ.

తర్వాత రంగులు. వాటిని ప్లాస్టిక్ సంచిలో పోసి మూతి బిగించి ఇస్తే పిల్ల పైనుంచి నొక్కుతుందట. "లీకైతే?" అన్నారు మామగారు. ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి, దాన్ని మూడో సంచిలో పెట్టి, చుట్టూ టేపు వేశారు. లోపల రంగు ఉందో లేదో కూడా కనిపించలేదు. పిల్ల దాన్ని చూసి "ఛీ" అంది. మొదటిసారి నాకూ అదే అనిపించింది.

గుడ్డల ఆట మాత్రం మాకు వెన్నతో పెట్టిన విద్య అనుకున్నాం. మామగారు స్వయంగా రంగంలోకి దిగి, ముక్కలు వరసగా పరిచి, మనవరాలికి పాఠం మొదలెట్టారు. "ఇది నూలు, తల్లీ. ఇది ఉన్ని. ఇది పట్టు. పట్టు ముట్టుకోకూడదు."

"ముట్టుకోవడానికే కదండీ మామయ్యగారూ పెట్టింది?" అన్నాను.

"చెయ్యి కడిగిందా?"

ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. మా ఆయన మధ్యేమార్గం కనిపెట్టారు: పిల్ల చేతులకు సన్నటి ప్లాస్టిక్ తొడుగులు. చేతికి తొడుగు వేసి స్పర్శ నేర్పే మేధావి నాకు మొగుడిగా దొరికాడని ఆ రోజే తెలిసింది. ఆయన అంతటితో ఆగలేదు. "అసలైన ఆట ఇదీ!" అంటూ ఫోన్ చూపించారు. జిగురుజిగురుగా ఉండే పిండి ముద్దలో పిల్లలు మోచేతుల దాకా ముంచి కేరింతలు కొడుతున్నారు. ఆ పిండి ఎక్కడో దూరంనుంచి తెప్పించాలట. వచ్చేసరికి వారం పడుతుందట.

నేను మా ఆయన భుజం మీదుగా పెరట్లోకి చూశాను. అక్కడ గంజి తొట్టె ఉంది. చొక్కాలు బిర్రుగా నిలబడటానికి రోజూ తెల్లవారకముందే అత్తగారు కాచి చల్లార్చే గంజి. తొట్టెడు జిగురు. బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. ఈ ఇంట్లో బిడ్డ కూడా నిజంగానే చంకలో ఉంది.

నెలాఖరు దగ్గర పడింది. పిల్ల గుప్పిట విప్పలేదు. ఆ రోజు మధ్యాహ్నం దుకాణం మూసి అందరూ కాస్త నడుం వాల్చారు. నేను ఇస్త్రీ ఆపేశాను. ఇంకేమీ కలపని గంజి ఒక బేసిన్‌లోకి వంచుకుని, బీట్‌రూట్ ఉడికించిన నీళ్లు అందులో పోశాను. ఎర్రగా, జారుడుగా, చూడగానే మామగారికి గుండె ఆగేలా తయారైంది. షీటూ లేదు, దుప్పటీ లేదు. హాలు మధ్యలో చతికిలబడి, పిల్లను ఎదురుగా దింపి, నా రెండు చేతులూ మణికట్టు దాకా ముంచేశాను.

అది నన్ను తేరిపార చూసింది. "ఛీ," అంది గట్టిగా, అచ్చం తాతలాగే.

"అవునే, ఛీనే. ఎంత బాగుందో చూడు ఛీ!" అన్నాను.

గంజి నా వేళ్ల మధ్య నుంచి జారి బేసిన్‌లో బొళుక్కుమంది. అది ముందుకు వంగింది. మళ్లీ బొళుక్కుమనిపించాను. దాని కుడి గుప్పిటలోంచి ఒక వేలు బయటికొచ్చింది. గంజి మీద ఆనించి, చటుక్కున వెనక్కి తీసి, ఆ వేలి వంకే చూసుకుంది. తర్వాత రెండోది. ఆ తర్వాత ఏ వేలు ఎప్పుడు విప్పిందో నేను చూడలేదు, నా కళ్ల నిండా నీళ్లే. తుడుచుకునేసరికి రెండు అరచేతులూ గంజిలో ఉన్నాయి. పిల్ల పకపకా నవ్వుతోంది.

ఆ నవ్వుకు ఇల్లంతా లేచింది. అత్తగారు గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడ్డారు. మా ఆయన వీడియో తీయడం కూడా మర్చిపోయారు. మామగారు కొత్తగా గంజిపెట్టిన తెల్లచొక్కా బొత్తాలు పెట్టుకుంటూ హాల్లోకి వచ్చారు. పిల్ల ఆయన్ని చూసింది. ఎర్రటి చేతులు చాపి, "తాతా!" అంటూ పరుగెత్తింది.

ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా? ఆయన రెండడుగులు వెనక్కి వేసి, "ఛీ ఛీ! ముట్టుకోకు!" అన్నారు.

పిల్ల ఎక్కడిదక్కడ ఆగిపోయింది. నవ్వు పోయింది. రెండు చేతులూ మళ్లీ గుప్పిళ్లయ్యాయి. వాటి సందుల్లోంచి గంజి బొట్లుబొట్లుగా నేల మీద పడింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "మామయ్యగారూ, ఎన్ని మరకలు తీశారో మీకే లెక్క లేదు. ఆ గుప్పిట ఒక్కటి మీరు విప్పించండి చూద్దాం!" అన్నాను. అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు కానీ ఆపలేదు.

మామగారు నా వంక చూడలేదు. ఆ గుప్పిళ్ల వంకే చూశారు. మరకున్న బట్టను వెలుతురులో చూసినంతసేపు చూశారు. మెల్లగా మోకాళ్లు పటపటమనిపిస్తూ నేల మీద కూర్చున్నారు. బేసిన్ దగ్గరికి లాక్కుని, చెయ్యి ముంచి, తన చొక్కా మీద తనే ఠపీమని కొట్టుకున్నారు.

"ఛీ కాదు తల్లీ. తాతే. రా."

పిల్ల చాలాసేపు ఆలోచించింది. వచ్చింది. రెండు చేతులూ విప్పి ఆయన గుండె మీద ఆనించింది. కాసేపటికి ఆయన మొహం తుడుచుకోబోయి, ఆ గంజంతా మీసాలకు పూసుకున్నారు. ఇక అందరం నవ్వాం.

మర్నాడు పొద్దున ఆయన ఆ చొక్కా తెచ్చి నా ఇస్త్రీ బల్ల మీద పరిచారు. చుక్క నీళ్లు తగల్లేదు దానికి. గంజి ఎండి అట్టలా ఉంది. పెద్ద చేతి అచ్చు ఒకటి, దాని పక్కన చిన్నవి రెండు. బీట్‌రూట్ మరక ఆయనకు ఒక లెక్కే కాదు, నిద్రలో కూడా తీసేస్తారు.

"ఉతకలేదు కదండీ మామయ్యగారూ," అన్నాను. "మరక మీద వేడి తగిలితే..."

"నాకు చెప్తున్నావా?" అన్నారు, ఎప్పటిలాగే చిరాగ్గా. "పెట్టె బాగా కాలనివ్వు."

బాగా కాలనిచ్చాను. ఆ మూడు చేతుల మీదా పెట్టి, బలంకొద్దీ నొక్కాను.