దీవెన సమాధి

కోసిగి దగ్గరి ఆ పల్లెలో ఈరక్క గొంతు తెలియని క్రైస్తవులు లేరు. ఆదివారం చర్చిలో పాట ఆమే ఎత్తుకునేది, మిగిలినవాళ్లు అందుకునేవాళ్లు. నిరుడు ఆ గొంతు మూగబోయింది.

వానల్లేక ఆమె, భర్త దావీదురాజు, తమ చిన్నారి కూతురు దీవెనను వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోసే పనికి పోయారు. చేను గట్టున పట్టలతో గుడిసె వేసుకుని ఉన్నారు. అక్కడ పాపకు జ్వరం తగిలింది. బిళ్లలతో తగ్గుతుందనుకున్నారు. ఆటోలో ఆస్పత్రికి చేర్చేసరికే ఆలస్యమైపోయింది. శవాన్ని అంత దూరం తెచ్చుకునే దారిలేక, ఆ ఊరి క్రైస్తవుల శ్మశానంలో ఒక మూల పూడ్చిపెట్టి, కోతలు ముగిశాక ఇద్దరే తిరిగొచ్చారు.

అప్పటి నుంచి ఈరక్క చర్చికి పోలేదు. పాస్టరు వసంతకుమార్ ఇంటికొచ్చి ప్రార్థన చేస్తే తల వంచుకుని కూర్చునేది. ఒకసారి మాత్రం అడిగింది.

"అయ్యా, జరం వచ్చినప్పటి నుంచి నేను ప్రార్థన చేస్తానే ఉంటి. దేవుడు ఇనలేదా?"

"నాకు తెలీదమ్మా," అన్నాడు పాస్టరు. "తెలిసినట్టు చెప్పలేను."

ఆ మాటకు ఆమెకు కోపం రాలేదు. లేచి టీ పెట్టి ఇచ్చింది.

నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. చనిపోయినవాళ్ల సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, పొద్దు గూకే వేళకు కొవ్వొత్తులు వెలిగించే రోజు. దావీదురాజు తన తల్లిదండ్రుల సమాధుల కోసం వాకిట్లో సున్నం కలుపుతుంటే ఈరక్క గడపలో కూర్చుని చూస్తోంది.

"ఈ పొద్దు నా బిడ్డకాడ కొవ్వొత్తి ఎవురు పెడతారు?" అంది.

అతను తలెత్తకుండా సున్నంలో ఇంకో చెంబు నీళ్లు పోశాడు.

అంతలో పక్కింటి ముసలి గురమ్మ కర్ర పట్టుకుని వచ్చింది. "మే ఈరక్కా, మా ఇంటాయన సమాధికి సున్నం కొట్టేవాళ్లు లేరే. కొడుకులు బెంగళూరు పనికి పోయిండారు. నాకేమో నడుం వంగదు."

కాదనలేక ఈరక్క సున్నం బకెట్టు అందుకుంది.

గురమ్మ భర్త సమాధికి సున్నం కొట్టడం అయ్యాక ఈరక్క శ్మశానం చుట్టూ చూసింది. వలస పోయిన కుటుంబాల సమాధులు ఇంకా చాలా, పట్టించుకునేవాళ్లు లేక మాసిపోయి కనిపించాయి. వాటికీ సున్నం కొట్టుకుంటూ పోయింది. ఒక చిన్న సమాధి దగ్గర ఆగింది. అది పెండ్లాంతో వలస పోయిన లక్ష్మన్న బిడ్డది. దాని మీద అరచెయ్యి ఆనించి, బిడ్డ పోయినప్పటి నుంచి బిగబట్టుకున్నదంతా బయటపడేలా ఏడ్చింది. తన తల్లిదండ్రుల సమాధుల దగ్గర నుంచి దావీదురాజు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"లక్ష్మన్న పెండ్లాం యాడుండాదో ఏమో," అంది ఈరక్క ముఖం తుడుచుకుని. "నేనీడ సున్నం కొడతాండానని ఆయమ్మకు తెలీదు గదా."

"తెలీదు."

"మన దీవెన కాడ గూడా ఎవురో ఒకరు ఉంటారంటావా?"

"మనిషి సంగతి చెప్పలేనుగానీ, దేవుడుంటాడే," అన్నాడతను.

చీకటి పడుతుండగా కొవ్వొత్తులు వెలిగాయి. ఈరక్క బొంగురు గొంతుతో మెల్లగా పాట ఎత్తుకుంది. ఎక్కడివాళ్లక్కడ తలలు తిప్పి చూశారు, తర్వాత ఒక్కొక్కరే అందుకున్నారు. దుఃఖం ఎక్కడికీ పోలేదు. దాని పక్కనే, చాలాకాలంగా ఎరగని సంతోషమేదో వచ్చి కూర్చున్నట్టు ఆమెకు అనిపించింది. అందుకు కాస్త సిగ్గుపడింది కూడా.

సంక్రాంతి దాటాక మళ్లీ అదే వైపు కోతలకు పోయారు. మొదటి ఆదివారమే ఇద్దరూ దీవెన దగ్గరికి నడిచారు. అక్కడ సున్నం లేదు, పువ్వు లేదు. వానకు మట్టి కుంగి, గడ్డి మొలిచి ఉంది. మేకలు తొక్కిన గుర్తులున్నాయి.

దావీదురాజు భయంగా భార్య ముఖంలోకి చూశాడు.

"ఎవురూ రాలేదు," అంది ఈరక్క. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. "నా బిడ్డ ఒంటిగా ఉండాది."

ఆమె చతికిలబడి గడ్డి పీకడం మొదలుపెట్టింది. చాలాసేపు పీకింది.

"ఒంటిగా లేదులే," అంది తర్వాత, తనకే చెప్పుకున్నట్టు. "దేవుని చేతిలో పెట్టిన బిడ్డ. నాకు కనపడనంత మాత్రాన ఆయన లేడనుకోను."

దావీదురాజు దోసిళ్లతో మట్టి తెచ్చి కుంగినచోట పోశాడు. ఆమె దాన్ని అరచేతులతో మెత్తి, ఎండలో అక్కడే కూర్చుని, పాపను నిద్రపుచ్చేటప్పుడు పాడే పాటను చివరిదాకా పాడింది.