మా ఆయన చెవిలో పెద్దత్తయ్యగారు

మా ఆయన జయకృష్ణ చెవిలో పెట్టుకునే హెడ్‌ఫోన్లలో ఒకటి బేగంపేట మెట్రో స్టేషన్లో పట్టాల మీద పడిపోయింది. ఆ కబురు చెప్పేటప్పుడు ఆయన ముఖం దగ్గరి చుట్టం పోయినట్టుంది. నేనూ తగినంత విచారించాను.

"కొత్తవి నువ్వే చూసి తీసుకో జ్యోతీ. ఆ రివ్యూలన్నీ చదివే ఓపిక నీకుంది. ఒక్కటే చూడు, బయటి శబ్దం అసలు వినపడకూడదు," అన్నారు.

బయటి శబ్దమంటే లాలాగూడ వైపు నుంచి వచ్చే రైలు కూతలు కావు. ఆయన పెద్దమ్మ వీరరాఘవమ్మగారు. నాకు పెద్దత్తయ్యగారు. చిన్నప్పుడు ఈయన్ని పెంచిన మనిషి. ప్రతి ఆదివారం అమలాపురం నుంచి ఫోన్ చేస్తారు. ఈయన ఎత్తరు కనుక నా ఫోన్‌కు చేస్తారు. నేను ఫోన్ పట్టుకుని హాల్లోకి వెళ్ళేసరికి ఈయన చెవులు మూసేసుకుని, చెయ్యి అడ్డంగా ఊపుతుంటారు. "మీటింగులో ఉన్నారండీ" అని నేను చెప్పాలి. ఆదివారం పూట మీటింగేమిటని ఆవిడ అడగరు. మనసులో పెట్టుకుంటారు.

అలా పెట్టుకున్నది మొన్న రాజమండ్రి పెళ్ళిలో, భోజనాల బంతిలో బయటికొచ్చింది.

"మా కిట్టుడు మంచివాడేనమ్మా. ఈ పిల్లే వాడికి ఫోనివ్వదు," అన్నారు పెద్దత్తయ్యగారు, బంతి ఆ చివరికి కూడా వినపడేలా.

రాజమండ్రి చుట్టాలూ తణుకు చుట్టాలూ నా వైపు తిరిగారు. నేను మా ఆయన వైపు తిరిగాను. "లేదు పెద్దమ్మా, నేనే అలా చెప్పిస్తున్నాను" అంటే అక్కడికి సరిపోయేది. ఆయన పులిహోరలో జీడిపప్పు ఏరుకుంటున్నారు. ఆ పూట చెవుల్లో ఏమీ లేవు కూడా.

ఆ మాట ఆయన నోటితోనే ఆవిడకు చెప్పించాలని పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి నిర్ణయించుకున్నాను. ఎలాగో మాత్రం తోచలేదు. ఇదిగో, ఇప్పుడు ఆయనే దారి చూపించారు.

ప్యారడైజ్ దగ్గర దుకాణంలో ఓంప్రకాశ్ గారు రెండు రకాలు బల్ల మీద పెట్టారు. నల్లవి, తెల్లవి.

"నల్లయి తీస్కోండి మేడమ్. ఫ్యాను, ఏసీ, బస్సు మోత, గిట్ల ఒక్క తీరుగ వచ్చే సప్పుడంత పోతది."

"మనిషి గొంతు?"

"గది పూరాగ పోదు, జెర తగ్గుతది. ఎవరికి మేడమ్, మీకా?"

"మా ఆయనకి."

"అట్లనా. మీ గొంతు ఇనవడాల్నా, వద్దా?"

"అది ఆయన్నే అడగాలి. రెండు ఫోన్లకు ఒకేసారి కలుస్తాయా ఇవి?"

"నల్లయి కలవయి. తెల్లయి కలుస్తయి, గాని మోత ఆపుట్ల నల్లయే బెస్టు. తెల్లయైతే ఏ ఫోన్ మోగినా చెవుల మోగుతది. వేలితోని ఒక్కసారి కొడితే చాలు, మాట్లాడుడు షురూ. ఫోన్ తీసే తక్లీఫే లేదు."

"మరి ఫోన్ వద్దనుకుంటే?"

"రెండుసార్లు కొట్టాలె. మొదట్ల అందరు మర్చిపోతరు."

ఆయన పాతవి ఒక్కసారి తడితే నోరు మూసుకునేవి. ఆ అలవాటు వేలికి అంత తొందరగా పోదు.

"తెల్లవే ఇవ్వండి," అన్నాను.

ఇంటికొచ్చాక ఆయన డబ్బా తెరిచి చూసుకుని, "నువ్వే కలిపి ఇచ్చెయ్," అన్నారు. కలిపాను. ముందు ఆయన ఫోన్‌కు, తర్వాత నా ఫోన్‌కు. నా ఫోన్లో బ్లూటూత్ మాత్రం ఆదివారం దాకా ఆపి ఉంచాను.

ఆదివారం పెసరట్లు తిని ఆయన సోఫాలో చేరారు. పాటలేమీ పెట్టుకోరు. ఉత్త నిశ్శబ్దం వింటారు. నేను బ్లూటూత్ వేసి, ఫోన్ తీసుకెళ్ళి ఆయన ఎదురుగా టీపాయ్ మీద పెట్టి, చేటలో గోరుచిక్కుళ్ళు పోసుకుని వంటింటి గడప దగ్గర కూర్చున్నాను.

కాసేపటికి ఆయన ఉలిక్కిపడ్డారు. తన ఫోన్ చూసుకున్నారు. అందులో ఏమీ లేదు. టీపాయ్ మీద నా ఫోన్ వెలుగుతోంది. అందులో పెద్దత్తయ్యగారి పేరు. విసుగ్గా చెవి మీద ఒక్కసారి తట్టారు. మోత ఆగింది. ఆయన ముఖం తేటపడింది.

"మళ్ళీ పెద్దమ్మే," అన్నారు, చెవులు మూసుకున్నవాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా.

ఏం చెప్పమంటారని చేత్తో అడిగాను.

"ఏముంది, మీటింగని చెప్పు. మొదలుపెడితే గంట వదలదు. ఎలాగూ నువ్వే ఫోనివ్వడం లేదనుకుంటోందిగా, అలాగే అనుకోనీ. నాకు హాయి."

పెద్దత్తయ్యగారు ఏమన్నారో నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఓంప్రకాశ్ గారు మంచి సరుకే ఇచ్చారు. మా ఆయన లుంగీ సర్దుకుంటూ లేచి నిలబడటం మాత్రం చూశాను.

"పెద్దమ్మా... కాదు పెద్దమ్మా, అది టీవీలో ఎవరో..."

తర్వాత చాలాసేపు విన్నారు.

"అవును. నేనే చెప్పించాను... లేదు, తనెప్పుడూ వద్దనలేదు... ఆ, పెళ్ళిలోనూ విన్నాను... పులిహోర తింటున్నాను పెద్దమ్మా."

మధ్యలో నా వైపు తిరిగి, వచ్చి మాట్లాడమని సైగ చేశారు. చేతిలో గోరుచిక్కుళ్ళు చూపించాను.

చివరికి సోఫాలో కూలబడ్డారు. "ఇది నీ ఫోన్‌కి ఎలా కలిసింది?"

"తెల్లవాటికి ఆ గుణముందట. ఏమన్నారు ఆవిడ?"

"బంతిలో అందరి ముందూ నిన్నన్నదిగా, ఇప్పుడు అందరికీ నేనే ఫోన్ చేసి తప్పు నాదని చెప్పాలిట. ఇవాళే. చెప్పానో లేదో సాయంత్రం ఒక్కొక్కర్నీ అడిగి తెలుసుకుంటుందిట."

"పాపం."

"నవ్వుతున్నావా?"

"పీచు తీస్తున్నాను."

రాజమండ్రి బాబాయిగారితో మొదలుపెట్టారు. ప్రతి ఇంట్లోనూ ఒకసారి చెబితే చాలలేదు. ఆడవాళ్ళు ఫోన్ అందుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పించుకున్నారు. రాజమండ్రి వాళ్ళు పూర్తయ్యేసరికి నా కూర ఉడికింది. అప్పుడు ఆయన చెవుల్లోవి తీసి చూసుకుని, ఆశగా నా వైపు తిరిగారు.

"చార్జింగ్ అయిపోయిందే."

"ఫరవాలేదు, స్పీకర్లో పెట్టండి," అన్నాను, ఆయన పక్కన కూర్చుంటూ. "తణుకు వాళ్ళు ఏమంటారో నేనూ వింటాను."