కుర్చీ ఎవరు జరిపారు

చిట్టి మందుల షాపు నుంచి తిరిగొచ్చేసరికి, కిటికీ దగ్గర ఉండాల్సిన కుర్చీ గది మధ్యలో ఉంది.

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. ఇంట్లో ఉన్నది తండ్రి ఒక్కడే. పొద్దున తను ఎలా పడుకోబెట్టి వెళ్లిందో అలాగే, గోడ వైపు తిరిగి ఉన్నాడు. ఆయనకు కుడికాలు, కుడిచెయ్యి పడిపోయి నాలుగు నెలలు దాటింది. పక్కకి ఒత్తిగిలాలన్నా చిట్టి వచ్చి పట్టుకోవాల్సిందే.

ఎవరైనా వచ్చారా అని అడిగింది. ఈ రోజుల్లో ఎవరొస్తారమ్మా అన్నాడాయన, గోడవైపే చూస్తూ.

చిట్టి అసలు పేరు కుట్టుపని ఇచ్చే షాపువాళ్లకే తెలుసు. ముప్ఫై ఎనిమిదేళ్లొచ్చినా ఇంట్లో చిట్టే. తండ్రి సిటీ బస్సు నడిపి రిటైరయినవాడు, పక్షవాతం వచ్చాక మంచాన పడ్డాడు. భర్తనీ పదేళ్ల కూతుర్నీ ఊరికి ఆ చివరున్న ఇంట్లో వదిలి, కుట్టుమిషను ఆటోలో వేసుకుని, పది రోజులుండి పోదామని చిట్టి ఇక్కడికి వచ్చింది. పదకొండో రోజున వైరస్ అని రోడ్లన్నీ మూసేశారు. పనిమనిషి రావడం మానేసింది. ఇంటికొచ్చి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టు ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి చేతులు దులుపుకున్నాడు. అన్నయ్య ఊళ్లోనే ఉన్నాడు గానీ వాళ్లది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. "నాన్న నాలుగడుగులు వెయ్యనీ, మర్నాడే వచ్చి తీసుకెళ్తా" అని వారం వారం అదే పాట.

రోడ్లు తెరిచి నెలయింది. రోగం మాత్రం పోలేదు. తను వెళ్తే ఆయన్ని ఎత్తేవాళ్లు లేరు. ఒళ్లు తుడవడం, బెడ్‌పాన్ కడగడం, దుప్పట్లు ఉతకడం, మధ్యలో మాస్కులు కుట్టడం. అన్నం నిలబడే తినేది. ఒకరోజు ఆయన ముద్ద ఉమ్మేస్తే భుజం పట్టుకుని గట్టిగా కుదిపేసింది. ఆ తర్వాత బాత్రూంలోకి వెళ్లి తన చేతినే కొరుక్కుంది. కూతురు ఫోన్లో "ఎప్పుడొస్తావమ్మా" అని అడగడం ఈమధ్య మానేసింది. చిట్టికి అన్నిటికన్నా భయం వేసింది దానికే.

కుర్చీ సంగతి మర్చిపోదామనుకుంది. రెండు రోజులకు, తను తుడిచి ఆరబెట్టి వెళ్లిన బాత్రూం నేల తడిగా కనిపించింది. ఆ తర్వాత ఒకరోజు మూసి వెళ్లిన కిటికీ రెక్క తెరిచి ఉంది.

ఈ ఇంటి రెండో తాళంచెవి ఉన్నది ఒక్కరి దగ్గరే. పక్క వాటాలో ఉండే టైపు మాస్టారు. ఒకప్పుడు టైపు నేర్పే స్కూలు నడిపినాయన, ఒంటరి మనిషి. తండ్రికి పాతికేళ్ల స్నేహితుడు. ఆయనకు దగ్గుంది. కింది వాటాయన కూడా మొదట దగ్గుతూనే ఉండేవాడు. అంబులెన్సులో వెళ్లాడు, తిరిగి రాలేదు. ఆ తలుపు మీద అంటించిన ఎర్ర కాగితం ఇంకా ఉంది.

చిట్టి గోడ అవతలి దగ్గుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తను తలుపు తీస్తే మాస్టారు మాట తుంచేసి లోపలికి పోతున్నాడని గమనించింది. ఆయన పేరెత్తితే తండ్రి కళ్లు పక్కకి తిప్పుకుంటున్నాడు. అనుమానం మొదలయ్యాక దానికి అడ్డేముంది? ఇంటి కాగితాల మీద నాన్న వేలిముద్ర కోసం అన్నయ్యే ఈయన్ని పంపుతున్నాడేమో అనిపించింది. బీరువా తెరిచి చూసుకుంది. కాగితాలు ఉన్నచోటే ఉన్నాయి. అయినా నమ్మకం కుదరలేదు.

చివరికి వెళ్లి తాళంచెవి ఇచ్చేయమంది. మాస్టారు ఆమె ముఖం కాసేపు చూసి, తన వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా అని అడిగాడు.

"మీరు దగ్గుతున్నారు మాస్టారూ."

"ముప్ఫై ఏళ్ల దగ్గమ్మా ఇది. నీకు కుట్టు రాకముందు నుంచీ ఉంది." తాళంచెవి తెచ్చి గడప మీద పెట్టి వెనక్కి జరిగాడు.

ఆ మర్నాడు కూరగాయలకు వెళ్లొచ్చేసరికి కుర్చీ మళ్లీ జరిగింది. తాళంచెవులు రెండూ తన సంచిలోనే ఉన్నాయి.

అప్పుడు చిట్టి బట్టల మీద గీతలు గీసే సుద్దముక్కలు నాలుగు తీసి, రోకలితో మెత్తగా నూరింది. తండ్రి కునుకు తీస్తుంటే గది నేలంతా, గుమ్మం దాకా పల్చగా చల్లింది. మందులకని చెప్పి కిందికి దిగి, మెట్ల పక్కన గంటసేపు నిలబడి పైకి వచ్చింది.

గుమ్మంలో పొడి చెదరలేదు. బయటి నుంచి ఎవరూ రాలేదు. అడుగులు మంచం దగ్గర మొదలయ్యాయి. ఎడమపాదం అయిదు వేళ్లతో స్పష్టంగా పడింది. దాని పక్కన కుడిపాదం ఉండాల్సిన చోట చీపురుతో ఊడ్చినట్టు ఒక చార. మళ్లీ ఎడమపాదం, మళ్లీ చార. వాటి ముందు కుర్చీ కాళ్లు ఈడ్చిన గీతలు. మంచం నుంచి కిటికీకి, కిటికీ నుంచి బాత్రూంకి, అక్కడి నుంచి గుమ్మం లోపలి అంచు దాకా, తిరిగి మంచానికి.

దుప్పటి కింద నుంచి బయటికొచ్చిన తండ్రి అరికాళ్లు తెల్లగా ఉన్నాయి.

చిట్టి అరవలేదు. సంచి కింద పెట్టి కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూర్చుంది.

"ఎన్నాళ్లయింది నాన్నా?"

ఆయన ఎడమకాలు దుప్పటి కిందికి లాక్కున్నాడు. తర్వాత, ఇరవై రోజులన్నాడు.

"మొన్న నిన్ను ఎత్తబోతే నా నడుం పట్టేసింది. నేలమీద పడిపోయాను. నువ్వు చూస్తూనే ఉన్నావు."

"చూశాను."

"చూసి కూడా..."

ఆయన అప్పుడు ఇటు తిరిగాడు, ఎవరి సాయం లేకుండా. నడుస్తున్నానని తెలిస్తే మీ అన్నయ్య వచ్చేస్తాడు, నువ్వు వెళ్లిపోతావు అన్నాడు. అక్కడ ఒక గదిలో పడేస్తారు, రోగం అంటుకుంటే అంబులెన్సు ఎక్కిస్తారు, కింది వాటాయన్ని చివరి చూపు కూడా ఎవరూ చూడలేదు అన్నాడు. ముప్ఫై ఏళ్లు బస్సు నిండా జనంతో తిరిగిన తనకి ఒక్కడిగా చావాలంటే భయమన్నాడు.

"నాకూ ఒక కూతురుంది నాన్నా. అది నన్ను చూసి నాలుగు నెలలైంది."

"నాకూ ఒక్కతే కూతురమ్మా," అన్నాడాయన.

చిట్టి లేచింది. తడిగుడ్డ తెచ్చి నేల తుడిచింది. ఆయన కాళ్లు మాత్రం తుడవలేదు. గుడ్డ ఆయన చేతికిచ్చింది.

తర్వాత వెళ్లి మాస్టారు తలుపు తట్టింది. ఆయన దాచలేదు. మొదట్లో తాళం తీసి గుమ్మం అవతలే నిలబడేవాణ్ని, తాళంచెవి నువ్వు తీసుకున్నాక ఆయనే కుర్చీ తోసుకుంటూ వచ్చి లోపలి నుంచి తాళం బొడిపె తిప్పి తలుపు తీస్తున్నాడు, నేను అడుగులు లెక్కపెడుతుంటాను, అన్నాడు. నీకు చెప్పమని రోజూ పోరేవాణ్ని, నేను చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు, అన్నాడు. అది నిజమో, ఇప్పుడు అల్లిన మాటో చిట్టికి తెలియలేదు. క్షమించమని అడగడానికే వెళ్లింది గానీ అడక్కుండానే వెనక్కి వచ్చేసింది.

సాయంత్రం అన్నయ్యకి ఫోన్ చేసి నాన్న నడుస్తున్నారని చెప్పింది.  నడవడమంటే మెట్లెక్కగలరా అని అడిగాడతను. పైగా మీ వదినకి ఒంట్లో బాగుండటం లేదు, పరీక్ష చేయించాలి, ఈ నెల పోనీ అన్నాడు. చిట్టికి నవ్వొచ్చింది. నాలుగడుగుల మాట అన్నయ్య ఇచ్చిందే, నాన్న నడవడన్న ధీమాతో. నడిస్తే తీసుకుపోతాడని నాన్న భయపడ్డాడు. మధ్యలో ఆడది ఒకతి ఎత్తుతూ కూర్చుంది.

"శనివారం నేను వెళ్లిపోతున్నా అన్నయ్యా. ఆదివారం నుంచి పొద్దున నువ్వు వస్తావో రావో నీ ఇష్టం. ఆయన నీకూ నాన్నే."

అన్నయ్య ఇంకేదో అంటుంటే ఫోన్ పెట్టేసింది. శనివారం దాకా మిగిలిన మూడు రోజులూ తండ్రిని ఎత్తలేదు. పడిపోతాడేమోనని భయమున్నా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. స్టవ్ వెలిగించడం, మాత్రలు విడదీయడం, ఎడంచేత్తో చొక్కా తొడుక్కోవడం నేర్పింది. ఆయన రెండుసార్లు తిట్టాడు, ఒకసారి ఏడ్చాడు. శనివారం ఆటో వచ్చేసరికి కుర్చీ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, చెప్పకపోవడం తప్పేనన్నాడు. మళ్లీ పరీక్షగా ఆమె ముఖంలోకి చూశాడు, నిజంగా వెళ్తుందో లేదోనని.

కూతురు ఆమెను చూసి పరుగెత్తుకు రాలేదు. ముందు స్నానం చెయ్యమంది. తర్వాత పెట్టె విప్పి బట్టలన్నీ తనే బీరువాలో సర్దింది, ఒక్కటీ పెట్టెలో మిగలకుండా.

అన్నయ్య ఆదివారం రాలేదు. సోమవారం వచ్చాడట, మోచేతుల దాకా గ్లవ్స్ వేసుకుని.

బుధవారం తండ్రే ఫోన్ చేశాడు. అన్నం తనే వండుకున్నానని, కొంచెం మాడిందని, వరండాలో పది చుట్లు తిరిగానని చెప్పాడు. చిట్టి విని, వీడియో పెట్టమంది. ఆయన ఫోన్ మాస్టారి చేతికిచ్చి నడిచి చూపించాడు. మాస్టారు దగ్గుతూ లెక్కపెడుతున్నాడు. తొమ్మిది, పది. తండ్రి ఆగి చూశాడు.

"ఇంకో చుట్టు తిరుగు నాన్నా," అంది చిట్టి.